చలికాలంలో కల్లు కోసం మా ఊరికి వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేనమామ గీత కార్మికుడు. మునుగోడుకూ చండూరుకూ మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో నలభై ఏళ్లుగా మోకు నడుముకు వేసుకుని చెట్లెక్కుతున్నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, కార్తీకం వెళ్లింది మొదలు ఆదివారాలు ఊళ్లోనే గడుపుతాను. నాతో పాటు స్నేహితులు, వాళ్ల స్నేహితులు వస్తామంటారు. రమ్మనడం మాకు సంతోషమే. అయితే ప్రతిసారీ ఫోనులో అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. బయలుదేరే ముందు ఒకసారి చదవండి.

కల్లు ఏడాది పొడుగునా ఉంటుంది కదా, చలికాలంలోనే ఎందుకు రమ్మంటారు?

చెట్టు నుంచి కారే నీరు మొదట తియ్యగా ఉంటుంది. గాలిలోనూ, చెట్టుకు కట్టే కుండ అయిన లొట్టిలోనూ ఉండే ఈస్టు, బ్యాక్టీరియా ఆ తీపిని పట్టుకుని పులియబెడతాయి. ఎండ ముదిరితే ఆ పని పరుగు మీద సాగుతుంది. చలి ఉంటే మెల్లగా సాగుతుంది. మే నెలలో తెల్లవారి దించిన కల్లు పది గంటలకే పుల్లబడి నాలుకను పట్టేస్తుంది. పుష్యమాసంలో దించిన కల్లు పొద్దెక్కే దాకా తీపినీ పులుపునూ రెండింటినీ నిలుపుకుంటుంది. ఆ రెండూ కలిసి ఉండే రెండు మూడు గంటల కోసమే మిమ్మల్ని చలిలో రమ్మంటున్నాను.

ఇంకో కారణం ఈత చెట్టు. మా వైపు దసరా దాటాక మొదలై మాఘం దాకా ఈత కల్లు బాగుంటుంది. సంక్రాంతి దాటాక పోతు తాళ్లు, అంటే మగ తాటి చెట్లు, పారడం మొదలవుతుంది. అంటే జనవరి చివర్లో వచ్చినవారికి రెండూ దొరుకుతాయి. నన్నడిగితే అదే మంచి సమయం.

ఎన్ని గంటలకు చేరుకోవాలి?

ఆరు గంటలకల్లా. ఆలస్యమైతే కల్లు దొరకదని కాదు, మామ చెట్టెక్కడం చూడలేరు. అది చూడకుండా తాగి వెళ్లిపోతే మా ఊరికి వచ్చినట్టే కాదని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారిలో వచ్చి, చౌటుప్పల్ దాటాక మునుగోడు వైపు కుడికి తిరగాలి. నాలుగు గంటలకే బయలుదేరండి. డిసెంబరు, జనవరి నెలల్లో చెరువుల పక్కన పొగమంచు దట్టంగా పడుతుంది. ఆ మంచులో కోతకు వచ్చిన పత్తి చేల మధ్య తొందరపడి బండి నడపవద్దు. ముందు రోజు రాత్రే వచ్చి మా ఇంట్లో పడుకున్నా మంచిదే. దుప్పటి మాత్రం మందంగా ఉండేది తెచ్చుకోండి.

ఈత కల్లుకూ తాటి కల్లుకూ తేడా ఏమిటి?

చెట్టు వేరు, గీసే చోటు వేరు, రుచి వేరు.

ఈత చెట్టు పొట్టిది, ముళ్లది. దాన్ని గీసేది గెల మీద కాదు, మొవ్వు కింద కాండం మీదే. ఒక పక్క మట్టలు నరికి, లోపలి లేత భాగం బయటపడేలా చెక్కి, కొన్ని రోజులు ఆరనిస్తారు. తరువాత పలుచగా గీసి, నీరు కారడానికి దారి చేసి, కింద లొట్టి కడతారు. సాయంత్రం గీస్తే రాత్రంతా చలిలో బొట్టు బొట్టుగా కారి తెల్లవారేసరికి నిండుతుంది. నాలుగు రోజులు గీస్తే కొన్ని రోజులు చెట్టును వదిలేయాలి. ఆశపడి రోజూ గీసేవాడి చెట్టు మొవ్వు ఎండి చచ్చిపోతుంది. ఒక ఏడాది ఒక వైపు, మరుసటి ఏడాది అవతలి వైపు గీస్తారు కాబట్టి ముసలి ఈత చెట్టు కాండం మీద మెట్లలా గాట్లు కనిపిస్తాయి. ఆ గాట్లు లెక్కబెడితే ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. మా చేను గట్టున ఉన్న ఒక చెట్టు మీద మా తాత గీసిన గాట్లు అడుగున, మామ గీసినవి పైన ఉన్నాయి. వచ్చినప్పుడు అడగండి, చూపిస్తాను.

తాటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు పోతు తాడు, వాడుకలో పోద్దాడు. ముంజలు, పండ్లు కాసేది పండు తాడు. రెండింటిలోనూ గీసేది పూల గెలలను. గెలలను కట్టగా కట్టి, కొన్ని రోజుల పాటు మెల్లగా నొక్కుతూ లేదా తడుతూ మెత్తబరచి, కొనను రోజూ కాగితమంత పలుచగా కోస్తారు. లోతుగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, కోయకపోతే కొన మూసుకుపోయి పారకం ఆగిపోతుంది. తాటి చెట్టు గీతకు రావడానికే పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. అందుకే తాటి వనం నాటినవాడు తన కోసం నాటుకోడని మా పెద్దలు అంటారు.

రుచి విషయానికి వస్తే, ఈత కల్లు తేలిక, తీపి ఎక్కువ, వాసన మెత్తన. తాటి కల్లుకు ఘాటు ఉంటుంది. నాకు ఈత కల్లు ఇష్టం. మామకు పోద్దాటి కల్లు తప్ప మరొకటి కల్లే కాదు.

చెట్టెక్కేటప్పుడు వాడే సామానంతా ఏమిటి?

నడుము చుట్టూ, చెట్టు చుట్టూ తిరిగే పెద్ద తాడు మోకు. కాళ్లకు వేసుకునే తాడు బందం గుజి. నడుముకు కట్టుకునే మిగతా సరంజామా ముస్తాదు. అందులో గీత కత్తులు ఉంటాయి. లావుగా గీసేదానికి ఒకటి, పలుచగా కోసేదానికి మరొకటి. కొన కోసే కత్తి అంచు ఎంత పదునో మామ తన ముంజేతి వెంట్రుకల మీద చూస్తారు. లొట్టి అంటే చెట్టుకు కట్టే మట్టి కుండ. కాళ్లూ చేతులూ ఒక లయలో కదులుతూ, మోకును పైకి విసిరి, ఒళ్లు వెనక్కి వాల్చి, మళ్లీ విసిరి, అరవై అడుగుల చెట్టును ఆయన ఎక్కే తీరు చూస్తే ఊపిరి బిగపట్టుకుంటాం. చలికాలంలో మంచుకు కాండం తడిసి జారుతుంది. అది తెలిసినవాళ్లకు ఆ ఎక్కుడు మరింత భయంగా ఉంటుంది.

మోకును మా ఇంట్లో దాటము, చెప్పుల కాలు తగలనివ్వము. గీత పనివారి దేవుడు కాటమయ్యకు మొక్కుకునే రోజున ముస్తాదుకూ బొట్టు పెడతారు. మీరు కూడా నేల మీద మోకు కనిపిస్తే పక్క నుంచి వెళ్లండి.

నేను కూడా ఎక్కి చూడవచ్చా?

వద్దు. ఎంత బతిమాలినా వద్దు. మామ చిన్ననాటి స్నేహితుడు ఒకరు పాతికేళ్లుగా ఎక్కుతున్న చెట్టు మీది నుంచే పడి, నడుము విరిగి ఇంటికే పరిమితమయ్యారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షక కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. పట్టు తప్పినా మనిషి కిందికి జారిపోకుండా తాడు ఆపుతుంది. మామ మొదట్లో చేతులకు అడ్డం వస్తోందని విసుక్కున్నారు. ఇప్పుడు అది లేకుండా ఎక్కితే అత్తమ్మ ఊరుకోదు. ఈ కిట్లు ప్రతి చెట్టు కిందికీ చేరాలని నా గట్టి కోరిక.

నీరా, కల్లు ఒకటేనా?

చెట్టు ఒకటే, నీరు ఒకటే. లొట్టి లోపల సున్నం పూసి కడితే పులియడం ఆగుతుంది. సూర్యోదయానికి ముందే దించితే తియ్యటి నీరా వస్తుంది. అందులో మత్తు ఉండదు. సున్నం పూయని లొట్టిలో, అందులోనూ రోజూ వాడే పాత లొట్టిలో, చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది. అది కల్లు. 2023 మే నెలలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచాక ఈ మాట నగరంలో చాలామందికి తెలిసింది. మా దగ్గర నీరా కావాలంటే ముందు రోజే చెప్పండి. ఒక లొట్టికి సున్నం పూసి కట్టించి ఉంచుతాను. చెప్పకుండా వచ్చి పిల్లల కోసం నీరా అడిగితే ఆ పూట ఇవ్వలేము.

మత్తు ఎంత ఉంటుంది?

చెట్టు నీటిలో పంచదార వందకు పది నుంచి పద్నాలుగు పాళ్ల దాకా ఉంటుంది. బాగా పులిసిన కల్లులో ఆల్కహాలు నాలుగైదు శాతం, అంటే ఇంచుమించు బీరంత. తెల్లవారి దించినదానిలో ఇంకా తక్కువ. తియ్యగా ఉంది కదా అని మంచినీళ్లలా తాగినవారు తొమ్మిది గంటలకు వేప చెట్టు కింద నిద్రపోవడం నేను చాలాసార్లు చూశాను. కడుపులోకి వెళ్లాక కూడా అది కల్లే. ముంతెడు తాగి, కాసేపు ఆగి, మరో ముంత సంగతి ఆలోచించండి.

ఇంగ్లాండు పల్లెల్లో యాపిల్ సైడర్ చేసే రైతుల ఇళ్లకు చలికాలంలో వెళ్తారట. ఇది కూడా అలాంటిదేనా?

ఈ ప్రశ్న మా పెద్దమ్మ మనవడిది. బ్రిస్టల్‌లో చదువుకుంటూ, డిసెంబరులో సోమర్‌సెట్‌లో ఒక రైతు ఇంటికి వెళ్లివచ్చాడు. వాడు చెప్పింది వింటే నాకు చాలా ఆనందం కలిగింది. యాపిళ్లు శరదృతువులో రాలితే ఏరి, నుజ్జు చేసి, పిండి, ఆ రసాన్ని పీపాల్లో పోస్తారు. అక్కడి చలిలో అది నెలల తరబడి మెల్లగా పులుస్తుంది. చలికాలంలో వెళ్లినవారికి కొట్టంలో పీపాల వరుస, పిప్పి వాసన, సగం పులిసిన రసం రుచి దొరుకుతాయి. వసంతానికి గాని తాగడానికి సిద్ధం కాదు. ఆ తరువాత ఏడాది పాటు నిలవ ఉంటుంది.

మన కల్లుకు నెలల సంగతి లేదు, గంటల సంగతే ఉంది. వాళ్లు పండు కోసుకుని ఇంటికి తెచ్చుకుంటారు, మనం చెట్టు దగ్గరికి వెళ్లాలి. అయినా ఒక విషయంలో రెండు ఊళ్లూ దగ్గరగా అనిపించాయి. జనవరి 17న, పాత లెక్క ప్రకారం క్రిస్మస్ పండుగ రోజులు ముగిసే రాత్రి, అక్కడివారు తోటలోని పెద్ద యాపిల్ చెట్టు చుట్టూ చేరి పాడతారట. వేళ్ల దగ్గర సైడర్ పోసి, సైడర్‌లో తడిపిన రొట్టె ముక్కలు కొమ్మలకు పెట్టి, వచ్చే ఏడాది బాగా కాయమని కోరుకుంటారట. మామకు ఈ మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ‘చెట్టుకు పెట్టకుండా ఎట్లా తాగుతారు?’ అని మాత్రం అడిగారు. మా ఇంట్లోనూ మొదటి చుక్కలు నేల మీద ఎల్లమ్మ తల్లికి పోశాకే ముంత నోటి దాకా వస్తుంది.

కల్తీ కల్లును ఎలా గుర్తుపట్టాలి?

చాలా ముఖ్యమైన ప్రశ్న ఇది. నేను ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

నురుగు చూడాలని, ఈగలు వాలాలని, వాసన చూడాలని చాలామంది చెబుతారు. మంచి కల్లుకు ఆ గుణాలు ఉన్న మాట నిజమే. గంట గంటకూ దాని రుచి మారుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నం పుల్లగా, రాత్రికి తాగలేనంతగా ఉంటుంది. ఉదయం, రాత్రి, ఎండాకాలం, వానాకాలం ఒకే రుచితో దొరికేదాన్ని అనుమానించాల్సిందే. కానీ అసలు ప్రమాదం నాలుకకు దొరకదు. కల్తీలో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు. అల్ప్రాజోలం చిటికెడు చాలు. దాన్ని చూపుతోనో రుచితోనో పట్టగలనని ఎవరైనా అంటే నమ్మవద్దు. అది ప్రయోగశాలలోనే తేలుతుంది. మాదకద్రవ్యాలు, మనోప్రభావక మందులపై ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం కూడా.

మరి సామాన్యుడు ఏమి చేయాలి? చెట్టును చూడాలి. ఈ కల్లు ఏ చెట్టుది, ఎవరు దించారు, ఎప్పుడు దించారు అన్న మూడు ప్రశ్నలకు కళ్లెదుట జవాబు దొరికితే తాగండి. లేకపోతే వదిలేయండి. నాలుగు చెట్లు కూడా కనిపించని చోట వందల మందికి రోజంతా కల్లు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించండి. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు.

హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది కూలి పని చేసుకుని సాయంత్రం ఒళ్లు నొప్పులు మరచిపోవడానికి వెళ్లినవారే అయి ఉంటారని తలచుకుంటే గుండె కలచివేస్తుంది. పాలమూరు పట్నాల్లోనూ ఈ బెడద పాతదే. 2015లో కల్తీపై దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు వణుకుతో, ఫిట్స్‌తో, మతి చలించిన స్థితిలో ఎందరో వచ్చారు. మందు కలిపిన కల్లుకు అలవాటు పడిన మనిషి దాన్ని ఒక్కసారిగా మానితే అలా అవుతుంది. మీ ఇంట్లోగాని మీ వీధిలోగాని అలాంటివారు ఉంటే తిట్టి ఇంట్లో కట్టిపడేయవద్దు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకువెళ్లండి. డాక్టర్లు మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు.

గీత కార్మికులంతా కల్తీ చేస్తారన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తెల్లవారుజామున మంచులో అరవై అడుగులు ఎక్కేవాడికి మందు పొడి కలిపే అవసరం ఏముంది? చెట్టెక్కని వ్యాపారికే అది కావాలి.

గబ్బిలాలు లొట్టి దగ్గరికి వస్తాయి కదా, నిపా వైరస్ భయం లేదా?

అడగాల్సిన ప్రశ్నే. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి చలికాలంలో నిపా సోకిన సందర్భాలు చాలావాటికి మూలం పచ్చి ఈత నీరేనని తేలింది. గబ్బిలాలు రాత్రిపూట గీసిన చోట నాకుతాయి, లొట్టిలోకి వాటి ఉమ్మి, మూత్రం చేరతాయి. అక్కడ కొన్ని ఊళ్లలో గీసిన చోటికీ కుండకూ కలిపి వెదురు తడికలు కట్టి గబ్బిలాలను ఆపుతారు. ఈ సంగతి చదివాక మామతో మాట్లాడి, ఈత చెట్లకు వల గుడ్డ కట్టిస్తున్నాము. నీరు కారే చోటు, లొట్టి మూతి రెండూ మూసుకునేలా కట్టాలి. లొట్టి ఒక్కటే మూస్తే లాభం లేదు. మీరు ఏ ఊళ్లో తాగినా ఈ కట్టు ఉందా అని చూడండి. గబ్బిలం కొరికినట్టు, నాకినట్టు అనిపించినది పారబోయమని మొహమాటం లేకుండా చెప్పండి.

షుగర్ ఉన్నవారు తాగవచ్చా? కిడ్నీలో రాళ్లు కరుగుతాయంటారు, నిజమేనా?

నీరాలో పంచదార ఎంత ఉంటుందో పైన చెప్పాను. షుగర్ ఉన్నవారికి అది పనికిరాదు. కల్లు పులిసేకొద్దీ తీపి తగ్గినా ఆల్కహాలు పెరుగుతుంది. మందులు వాడుతున్నవారు, గర్భిణులు, కాలేయ జబ్బులున్నవారు దూరంగా ఉండాలి. రాళ్లు కరగడానికని కల్లు తాగవద్దు, డాక్టరును కలవండి.

ఆడవాళ్లు రావచ్చా? పిల్లలను తీసుకురావచ్చా?

తప్పకుండా. మా ఊళ్లో ముసలమ్మలు వాకిట్లో మంచం మీద కూర్చుని ముంతెడు కల్లు తాగి పనికి పోవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. తప్పుగా చూసేవారు ఎవరూ లేరు. తెలంగాణలో మద్యానికి చట్టం పెట్టిన వయసు 21 ఏళ్లు, మా చెట్టు కింద కూడా అదే. పిల్లలకు నీరా, గేగులు (తాటి టెంకల మొలకలు), చెరువు గట్టు ఉన్నాయి.

తినడానికి ఏమి ఉంటుంది?

చలికాలం మా వైపు తిండికి కొదవ లేదు. అనపకాయలు వస్తాయి. కంది చేను కోతకు ముందు పచ్చి కంది కాయలు ఉడకబెడతాం. అత్తమ్మ పొయ్యి మీద సజ్జ రొట్టెలు చేస్తుంది. అలసందల గుడాలలో ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి ఆకులో పెడుతుంది. పొద్దున్నే మాంసం వద్దు, కడుపు బరువెక్కుతుంది. సాయంత్రం దాకా ఉండేవారికి నాటు కోడి కూర, పచ్చిపులుసు. కల్లు పోసేది తాటాకు రేకలో. ఆకును మడిచి రెండు చేతులా పట్టుకుని తాగాలి. మొదటిసారి సగం చొక్కా మీద పడుతుంది, పరవాలేదు. గాజు గ్లాసులు తేవద్దు. ఆకు వాసన తగలకపోతే సగం రుచి పోయినట్టే.

మామను ఎలా పలకరించాలి? ఫోటోలు తీసుకోవచ్చా?

వయసును బట్టి అన్నా, మామా, తాతా అనండి చాలు. ఆయన చెట్టు మీద ఉన్నంతసేపు కింది నుంచి పిలవవద్దు, ఇటు చూడమని అడగవద్దు. ఫోటో తీసుకోండి, మాట్లాడకుండా తీసుకోండి. దిగాక, చేతులు కడుక్కున్నాక, బీడీ ముట్టించాక ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. చెట్లను గుర్తుపట్టడంలో ఆయనకు సాటి లేరు. ఏ చెట్టు ఏ నెలలో పారుతుందో, ఏది అలిగిందో మనుషుల గురించి చెప్పినట్టు చెబుతారు.

ఇది చట్టబద్ధమేనా?

అవును. గీత కార్మికుల సహకార సంఘాలకూ, విడిగా ‘గీసేవాడికి చెట్టు’ పథకం కింద వ్యక్తులకూ ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఇస్తుంది. మామది సంఘం సభ్యత్వం. చెట్లకు నంబర్లు వేసి ఉంటాయి.

ఈ హక్కు ఊరికే రాలేదు. నిజాం కాలంలో ఆబ్కారీ కంట్రాక్టర్ల చేతిలో చెట్లుండేవి, గీసేవాడు కూలివాడు. ‘దున్నేవాడికి భూమి’ అన్నట్టే ‘గీసేవాడికి చెట్టు’ అన్న నినాదం మా జిల్లాలో గట్టిగా వినిపించింది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం (1922–2011) గీత పనివారిని సంఘంగా కూడగట్టినవారిలో ముఖ్యులు. 1991లోనూ 1996లోనూ నల్గొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ 1996 ఎన్నిక మా జిల్లా ఎన్నడూ మరచిపోనిది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న మా గోడు దేశానికి వినిపించాలని ఎందరో నామినేషన్లు వేయడంతో మొత్తం 480 మంది పోటీలో నిలిచారు. ఓటు పత్రమే ఒక పుస్తకమంత అయింది. ఎన్నికను వాయిదా వేయాల్సి వచ్చింది. మా మునుగోడు, మర్రిగూడ ఊళ్ల నీటి కష్టం అప్పుడే బయటి ప్రపంచానికి తెలిసింది. అంతకు చాలా ముందు, 1708లో వరంగల్ మీద దాడి చేసిన సర్వాయి పాపన్న కూడా గీత ఇంట్లో పుట్టినవాడే. మామకు ఈ కథలంటే ప్రాణం, అడిగితే గంటసేపు చెబుతారు.

ఆయన తరువాత ఎవరు గీస్తారు?

ఎవరూ లేరు. మామ కొడుకు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. మా ఊళ్లో నా చిన్నప్పుడు పదకొండు మంది ఎక్కేవారు, ఇప్పుడు ముగ్గురు. ముగ్గురూ యాభై దాటినవారే. రహదారి పక్క వనాలు ప్లాట్లయ్యాయి. కొన్ని చెట్లు ఇటుక బట్టీల్లోకి పోయాయి. కొత్తగా నాటిన ఈత మొక్కలు చెరువు కట్ట మీద నడుము ఎత్తు పెరిగాయి. వాటిని ఎవరు గీస్తారన్నది మామ రోజూ అడిగే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు ఎంత ఇవ్వాలి?

మామ అడిగినంత. బేరం చేయవద్దు. భోజనానికి మేము తీసుకోము, మీరు మా ఇంటికి వచ్చిన చుట్టాలు. అత్తమ్మకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే పండ్లు తెండి.

తాగాక బండి నడుపుకుంటూ వెళ్లవచ్చా?

వెళ్లనివ్వము. తాళం చెవి అత్తమ్మకు ఇచ్చేయాలి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ఊరుకోదు, కల్లుకు మినహాయింపు లేదు. అంతకన్నా ముఖ్యంగా, చౌటుప్పల్ దగ్గర లారీల మధ్య మీరు క్షేమంగా ఇల్లు చేరాలి. తాగనివారు ఒకరు నడపాలి, లేదా సాయంత్రం దాకా ఉండి బస్సెక్కాలి.

ఒక సీసాలో పోసి ఇంటికి తీసుకువెళ్లవచ్చా?

ఇది అందరూ చివర్లో అడుగుతారు. మూత గట్టిగా పెడితే గ్యాసు పెరిగి సీసా పగులుతుంది. వదులుగా పెడితే కారంతా ఒలుకుతుంది. ఎట్లాగో ఇల్లు చేర్చినా మీ వాళ్లు తాగేది ఇక్కడ మీరు తాగినది కాదు, పుల్లబడిన మరో ద్రవం. దాన్ని చూసి కల్లంటే ఇదేనా అని వాళ్లు మొహం చిట్లిస్తారు. అందుకే ఇవ్వము. వాళ్లను వచ్చే ఆదివారం తీసుకురండి.

ఇంటికి గేగులు ఇస్తాము. తాటి పండు తిన్నాక టెంకలను మట్టిలో పాతిపెడితే సంక్రాంతి నాటికి తెల్లటి మొలకలు దిగుతాయి. వాటిని తవ్వి, ఉడకబెట్టి, పీచు తీసి, కాస్త ఉప్పు కారం అద్దుకుని తినాలి. రెండు మూడు రోజులు చెడవు. అత్తమ్మ ఒక్కొక్కరికీ ఒక కట్ట కట్టి ఉంచుతుంది. కారెక్కే ముందు వంటింటి గుమ్మం దగ్గర అడిగి తీసుకోండి.